చలికాలపు బొమ్మల పుస్తకము

కార్తిక పౌర్ణమికి గూడెం గుట్ట సత్యనారాయణస్వామి దర్శనమునకు వచ్చిన జనము మరలిపోయిన పిదప, లక్సెట్టిపేటలో చలి నానాటికి ముదిరి, గోదావరిపై లేచిన పొగమంచు ప్రొద్దెక్కువరకు పొలములను కప్పియుండు దినములలో, రెండేండ్ల పసివానిని గొంగడిలో చుట్టి ఒడిలో కూర్చుండబెట్టుకొని బొమ్మల పుస్తకము చూపుటకంటె వృద్ధులకు సుఖకరమైన కాలక్షేపము వేరొకటి లేదని నా నిశ్చయము.

ఆ వయసు పాఠకునకు కథాక్రమముతో ప్రమేయము లేదు. పుటలను వెనుకనుండి ముందునకు త్రిప్పును. అట్ట మూలను రుచి చూచును. నచ్చిన బొమ్మకడ నిలిచిపోయి, చెప్పువారు విసుగుచెందునంతవరకు దాని పేరే మరల మరల చెప్పించుకొనును. ఇంతటి ఏకాగ్రత గల శ్రోతను విద్వత్సభలలో సైతము నేను చూచి యెరుగను.

బంధువులు తెచ్చియిచ్చిన పుస్తకములలో, అమెరికా దేశీయుడైన ఎజ్రా జాక్ కీట్స్ 1962లో ప్రకటించిన 'ది స్నోయీ డే' యొకటి. నగరమున మంచు కురిసిన నాడు పీటర్ అను నల్లజాతి బాలుడు ఎర్రని చలిదుస్తులు తొడిగికొని వీధిలోనికి పోయి తన అడుగుజాడలు తానే చూచి మురియుటయు, ఒక మంచుముద్దను జేబులో దాచి యింటికి తేగా అది కరగిపోవుటయు తప్ప అందులో పెద్ద కథ లేదు. రంగుకాగితములను, గుడ్డలను కత్తిరించి అతికించి కూర్చిన ఆ బొమ్మలకు మరుసటి యేడు కాల్డికాట్ పతకము లభించినది. తెల్లని పుట తెరవగానే మా మనుమడు వ్రేలు చూపి "తాతా, పత్తి!" అనెను. వానిని దిద్దవలెనని నాకు తోచలేదు. చేలన్నియు విచ్చిన పత్తితో తెల్లబడి, ఏరి తెచ్చిన పత్తి ఇండ్లలో కుప్పలు పడియుండు ఋతువున, ఎన్నడును చూడని హిమమును వాడు మరి దేనిగా గుర్తించును? జేబులోని ముద్ద యేమైనదో వానికి బోధపడలేదు గాని, ఆ ఎర్రని దుస్తులు తన స్వెట్టరు వంటివేయని గ్రహించి తన రొమ్ము తట్టుకొనెను.

పరదేశపు మంచుతో నాకు వైరము లేదు. కాని ఉష్ణోగ్రత 5 డిగ్రీలకంటెను దిగువకు పడు రాత్రులు గల ఆదిలాబాదు సీమలో, హిమము లేకున్నంత మాత్రమున బొమ్మలకు కొరతయా? నోటినుండి వెలువడు ఆవిరి, చలిమంట చుట్టు చాచిన చేతులు, సీతాఫలముల గంప, రేగుపండ్లు, అన్నిటిని మించి, సంక్రాంతికి తెల్లని గుడ్డపై అవ్వ చుట్టి పరచిన సకినాలు! వలయములో వలయముగా సాగు ఆ పిండి చుట్టను వ్రేలితో అనుసరించుట యలవడినచో పసివాడు పుట త్రిప్పనీయడు.

సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' వంటి సంస్థలు బాలల పుస్తకములను అందుబాటు వెలకు ఇచ్చుచున్న యీ కాలమున ఇట్టి మన చలికాలపు బొమ్మలతో పుస్తకము కూర్చుట అసాధ్యమైన పని కాదు. చిత్రకారులారా, పండ్రెండు దళసరి పుటలు, పుటకొక బొమ్మ, బొమ్మకొక వాక్యము చాలును. మూలలు మాత్రము గుండ్రముగా కోయింపుడు. చదువరులు వానిని తప్పక నోట పెట్టుకొందురు.