పింజారోళ్ల ఇల్లు

"మీదే ఊరండీ?"

తార్నాకలో ఇల్లు అద్దెకు అడగబోతే మొదట ఈ ప్రశ్నే వేస్తారు. నల్లగొండ జిల్లా అంటాను. "మా అత్తగారిదీ అటువైపే" అంటూ మొహం విప్పారుతుంది. తర్వాత పేరు అడుగుతారు. చెప్పగానే అదే మొహం ముడుచుకుంటుంది. "మావాళ్లను అడిగి చెప్తాం" అంటారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పరు. పేరు చెప్పేదాకా నాకో ఊరుంటుంది. చెప్పాక పేరొక్కటే మిగులుతుంది.

అందుకే ముందు మా ఊరి గురించి చెప్పుకోవాలి.

మాది జాన్‌పహాడ్ దర్గాకు నడిచిపోయేంత దూరంలో ఉన్న చిన్న పల్లె. కృష్ణకు ఇవతల మేము, అవతల పల్నాడు. అప్పుడది నల్లగొండ జిల్లా, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. ఏటా జనవరిలో దర్గా ఉర్సు. గంధం ఎత్తే రోజున బండ్లన్నీ అటే. మేకపోతును కోసి కందూరు చేసేవాళ్లలో ముస్లింలకన్నా హిందువులే ఎక్కువ. పిల్లలు పుట్టకపోతే సైదులుకు మొక్కుతారు, పుడితే ఆ పేరే పెడతారు. సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి. మావైపు ఈ పేర్లు విని మతం చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

ఊరి నడుమ పీర్ల కొట్టం. మొహర్రం వస్తే పీరు ఎత్తేది చాకలాయన. డప్పు కొట్టేది మాదిగలు. దట్టీలు కట్టేది అందరూ. మలీదా చేసేది మా అమ్మ. ఫాతిహా చదవడానికి మాత్రం పక్క ఊరి ముల్లాసాబ్ రావాలి. మా ఇంట్లో ఎవరికీ అరబ్బీ రాదు. ఉర్దూ కూడా అంతంతే. అమ్మ తిట్టినా తెలుగే, ఏడ్చినా తెలుగే.

మేము దూదేకులోళ్లం. ఊరంతా "పింజారోళ్ల ఇల్లు" అనేవాళ్లు. ఉన్నది మూడిండ్లు. "తురకలు లేని ఊళ్లో దూదేకులోడే సయ్యదు" అని మా మీద ఓ సామెత. నిజానికి మా ఊళ్లో ఆ సయ్యదరికం కూడా మాకు దక్కలేదు. షేకులు, సయ్యదులు మాతో పిల్లనిచ్చి పుచ్చుకోరు. హిందువులకు మేము తురకలం, తురకలకు మేము దూదేకులం.

నాయన తెల్లారకముందే విల్లు భుజానేసుకుని వెళ్లేవాడు. మనిషి కన్నా పొడుగు విల్లు. దాని నరం తాడును కొయ్యగుండుతో మీటితే 'టంయ్ టంయ్' మని మోగేది. గడ్డకట్టిన దూది పొరలు పొరలుగా విడి మంచులా లేచేది. పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి మీసాల మీద, కనురెప్పల మీద దూది. మాకు నవ్వొచ్చేది. ఆ దూది ఊపిరితిత్తుల్లోకీ పోతుందని మాకప్పుడు తెలియదు. చలికాలం రాత్రుళ్లు ఆయన దగ్గుతుంటే విల్లు చప్పుడు ఇంకా ఆగనట్టే ఉండేది. చివరికి ఆ దగ్గే ఆయన్ని తీసుకుపోయింది.

మా ఊరు స్వర్గమని చెప్పడం లేదు. పెద్దిండ్లల్లో పెండ్లికి పరుపులు కుట్టాలంటే నాయన వాకిట్లోనే కూర్చోవాలి. ఆయన కుట్టిన పరుపు మీద పడుకునేవాళ్లు, ఆయన తాగిన గ్లాసును మాత్రం చూరులో విడిగా దోపేవాళ్లు. కూలి కల్లంలో కొలిచే గింజలే. అయినా "సాయిబు మామా, తిన్నవా?" అని అడగకుండా ఎవరూ ఆయన్ని దాటిపోయేవాళ్లు కాదు. అవమానం, ఆప్యాయత ఒకే వాకిట్లో ఉండేవి. ఏది ఎవరిదో మాకు తెలిసేది. నగరంలో అది కూడా తెలియదు.

తొంభైల మొదట్లో ఎం.ఏ. చదవడానికి ఉస్మానియాకు వచ్చాను. ఆర్ట్స్ కాలేజీ మెట్ల కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టింది. పక్కనున్న మిత్రుడు భుజం తట్టి, "ఇదంతా మీవాళ్లు కట్టించిందే కదా" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

మావాళ్లా? 1917లో నిజాం ఫర్మానా ఇచ్చాడు, 1918లో విశ్వవిద్యాలయం మొదలైంది, 1939లో ఈ భవనాన్ని ప్రారంభించారు. చదువంతా ఉర్దూలో సాగేది. దేశభాషలో పెద్ద చదువు చెప్పడం గొప్ప సంగతే, కాదనను. కానీ ఆ ఉర్దూ మా తాతకు రాదు. ఆ రోజుల్లో మా మూడిండ్లలో బడి మొహం చూసినవాళ్లే లేరు. నవాబులు మాకు పరుపులు పంచలేదు. నవాబులు పడుకున్న పరుపుల దూది మా బోటివాళ్లు ఏకిందే. అయినా రాజ్యం పోయాక లెక్క అప్పజెప్పమని అడిగేది మమ్మల్నే!

అదే ఏడాది హాస్టల్ మెస్సులో ఎవరో ఎవరినో "పింజారి వెధవా" అని తిట్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. చేతిలో ముద్ద నోటిదాకా రాలేదు. తిట్టినవాడికి నా మీద కోపం లేదు. నా కులం అదని కూడా వాడికి తెలియదు. అసలు బాధ అదే. తెలిసి తిడితే జవాబు చెప్పొచ్చు. భాషే తిడుతుంటే ఎవరితో కొట్లాడాలి?

ఆ రాత్రి పెట్టెలోంచి కులం సర్టిఫికెట్టు తీసి చూసుకున్నాను. బి.సి.-బి జాబితాలో ప్రభుత్వం రాసుకున్న పేర్లు: దూదేకుల, లద్దాఫ్, పింజారి లేదా నూర్‌బాషా. సర్కారు ముద్ర వేసి ఇచ్చిన పేరే జనం నోట తిట్టు. దూదిపింజ అంటే ఎంత మెత్తని మాట! ఆ పింజను ఏకే మనిషి దగ్గరికొచ్చేసరికి మాట ఎందుకు ముల్లయింది?

1992 డిసెంబరు 6 తర్వాత "మీవాళ్లు" అనే మాట క్యాంపస్‌లో మరింత పదునెక్కింది. అంతకు ఏడాది ముందే, 1991లో, ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో ముస్లింవాద కవుల సంకలనం 'జల్‌జలా' వచ్చింది. నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసి ధైర్యం కలిగింది. కానీ ఆ గుంపులోనూ ఓ మిత్రుడు అడిగాడు: "ముస్లింలలో కులాలేంటి భయ్, నువ్వెందుకు విడగొడతావు?" 2007లో మరికొన్ని ముస్లిం కులాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చాక ఆ ప్రశ్న కొంచెం మెత్తబడింది. ప్రశ్నే తప్ప పిల్లనివ్వడం, పుచ్చుకోవడం పెద్దగా మారలేదు.

తార్నాకలో చివరికి ఇల్లు దొరికింది. ఇచ్చినావిడది మిర్యాలగూడ వైపు. నా పేరు విని, "ఉర్సుకు పోతరా మీరు?" అని అడిగింది. పోతామన్నాను. "మా అమ్మ మొక్కుతె పుట్టిన్నయ్యా నేను" అని తాళంచెవి చేతిలో పెట్టింది. ఆమె పేరులోనూ సైదులు ఉన్నాడు. మా ఊరు ఇన్నేళ్లకు ఈ గేటు దగ్గర నాకు సాక్ష్యం చెప్పింది.

ఇప్పుడు పరుపులన్నీ ఫోమువే. నాయన విల్లు ఊళ్లో అటక మీద ఉంది. మొన్న మా చిన్నది బడి నుంచి వచ్చి, "నాన్నా, పింజారి అంటే ఏంటి? మా క్లాసులో ఒకమ్మాయి తిట్టింది" అంది.

దాన్ని ఊరికి తీసుకెళ్లి విల్లు దింపి చూపించాను. తాడు ఎప్పుడో తెగిపోయింది. "ఇది మీ తాత పని చేసుకున్న విల్లు. దీనితో దూది ఏకేవాడు. అలా ఏకేవాళ్లనే పింజారి అంటారు" అన్నాను.

అది విల్లును నిమిరి చూసి, "మరి ఇందులో తిట్టేముంది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పుట్టినప్పటి నుంచీ మేము ఏకిన దూది మీద పడుకున్నవాళ్లు, ఆ జవాబు మీ దగ్గరుంటే చెప్పండి.