చేదు బాదం కంచె

కేప్‌టౌన్ అనగానే బో-కాప్ వీధుల్లోని రంగురంగుల ఇళ్లు, దక్షిణాఫ్రికాలో తొలి మస్జిదుగా పేరొందిన అవ్వల్ మస్జిదు గుర్తుకు వస్తాయి. ఆ నగరంలోనే, టేబుల్ పర్వతపు తూర్పు వాలున ఉన్న కిర్‌స్టెన్‌బాష్ ఉద్యానవనంలో అంతకన్నా పాత సాక్ష్యం ఒకటి చెట్ల రూపంలో నిలిచి ఉంది. అది 1660లో నాటిన అడవి బాదం కంచె.

ఆ పర్వతం చుట్టూ ఉన్న నేల ఖోయ్‌ఖోయ్ పశుపాలకుల మేత భూమి. ఋతువును బట్టి ఆవులనూ, కొవ్వుతోక గొర్రెలనూ అక్కడికి తోలుకువచ్చి, మేత తగ్గగానే మరోచోటికి సాగిపోయేవారు. 1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున యాన్ వాన్ రీబెక్ అక్కడ దిగాడు. దారిన పోయే ఓడలకు మంచినీరు, కూరగాయలు, మాంసం సమకూర్చడమే తొలి ఉద్దేశం. ఐదేళ్లకే లీస్‌బీక్ నది వెంబడి డచ్ రైతులకు భూములు పంచారు. మందలకు నీరూ మేతా అందే దారులు మూసుకుపోయాయి. 1659లో ఖోయ్‌ఖోయ్‌లు తిరగబడ్డారు. తుపాకిమందు తడిసిపోయే వానరోజులనే దాడులకు ఎంచుకున్నారు.

మరుసటి ఏడు సంధి చర్చల్లో, తాము హాలెండుకు వచ్చి ఇలాగే స్థిరపడితే సహిస్తారా అని వారు సూటిగా అడిగారు. యుద్ధంలో గెలుచుకున్నాం గనుక భూమి మాదేనన్నది కంపెనీ జవాబు. ఆ సంభాషణ వాన్ రీబెక్ దినచర్య గ్రంథంలోనే నమోదై ఉంది.

ఆ తరువాత కంచె లేచింది. అడవి బాదం కొమ్మలు అడ్డంగా పాకి ఒకదానితో ఒకటి అల్లుకుపోతాయి, పశువు దూరలేదు. దాని గింజ చేదు, పచ్చిగా తింటే విషం. నానబెట్టి, ఉడికించి దాన్ని ఆహారంగా మార్చుకునే నేర్పు స్థానికులకు ఉండేది. వారి నేలపై పుట్టిన చెట్టే వారికి అడ్డుగోడ అయింది.

నేడు ఆ కంచెలో మిగిలిన భాగాన్ని చరిత్ర చిహ్నంగా కాపాడుతున్నారు. ప్రశ్న అడిగినవారి మేత భూములు మాత్రం వారికి తిరిగి దక్కలేదు.