వేమన చెప్పిన ఇంగ్లీషు పాఠం

తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. ఇంగ్లీషు క్లాసులో నాకేం పని అంటారా? ఒక ఏడు గుత్తిలో మా కాలేజీ ఇంగ్లీషు లెక్చరరుగారు సెలవు పెట్టారు. నెల రోజులపాటు ఆయన పీరియడు నా నెత్తిన పడింది.

రెండోనాడే ఒక కుర్రవాడు కాగితం పట్టుకుని వచ్చాడు. టి.సి. కోసం దరఖాస్తు! ఆ ఏడు వానలు లేక చెనక్కాయ పంట పోయింది. ఫీజుకు ఇబ్బంది కాబోలు అనుకున్నాను.

"అది కాదు సార్. కూలికి పోయైనా చదివిస్తానంటాడు మా నాయన. ఈ ఇంగ్లీషే నా వల్ల కాదు. ఆయన డబ్బు దండగ చేయలేను."

కాగితం సొరుగులో పెట్టి, "నెల ఆగు నాయనా" అన్నాను. అన్నానే గాని, ఏం చేయాలో నాకు తెలిస్తేగా!

ఆ రాత్రి బ్రౌను దొర గుర్తుకు వచ్చాడు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన ఆయన, తెలుగు సాహిత్యంలోకి వేమన పద్యాల గుండా ప్రవేశించాడు. 1829లో వాటిని ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. ఆయన నిఘంటువు 1852 నాటి మాట. ముందు పద్యం, తరవాత నిఘంటువు! ఆయన నడిచిన దారినే మా పిల్లలు అటునుంచి ఇటు కాక, ఇటునుంచి అటు నడిస్తేనో?

మర్నాడు ఉప్పూ కర్పూరమూ పద్యం చదివించాను. అందరికీ కంఠతా వచ్చు. "దీన్నే ఇంగ్లీషులో చెప్పండి" అన్నాను. ఉప్పుకూ రుచికీ మాటలు దొరికాయి. పుణ్యపురుషుల దగ్గర బండి ఆగింది. "గుడ్ మెన్" అన్నాడొకడు. "హోలీ మెన్" అన్నదొక అమ్మాయి. అప్పుడు లేచాడు మా టి.సి. కుర్రవాడు.

"హోలీ అంటే సన్యాసులు సార్. మా నాయన సన్యాసి కాదు. గుడ్డే సరి."

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంతవరకు ఇంగ్లీషు మాటకు తల వంచినవాడు ఆనాడు దానితో వాదించాడు. అర్థం తన సొంతం కాబట్టే కదా అంత ధైర్యం!

అనువాదంతోనే ఆగిపోలేదు. ఆర్.కె. నారాయణ్ కథలకు వెళ్ళాం. జంక్షను వూళ్ళో పెరిగిన పిల్లలకు మాల్గుడి రైలు స్టేషను కొత్తేమీ కాదు.

నెల తిరగగానే వాడు వచ్చి కాగితం అడిగాడు. నా గుండె జారింది. వాడు నా ఎర్ర పెన్సిలు తీసుకుని, అందులో రెండు తప్పులు దిద్దాడు.

"మా స్నేహితుడు రాసిచ్చాడు సార్" అని సిగ్గుపడుతూ, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పరీక్షలో వాడికి వచ్చినవి అత్తెసరు మార్కులే. అయినా క్లాసు మానలేదు. టి.సి. మాత్రం మూడో ఏడు చివర, డిగ్రీ పూర్తిచేసి మరీ పుచ్చుకున్నాడు.