అమ్మీ చదవని బోర్డు

జుమ్మా నమాజ్ చదివొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూసున్న. ఊరినుంచి అమ్మీ ఫోన్.

"బేటా, యే బోధన్ నై దిస్రా మేరేకు."

బోధన్‌ల ఉన్న ఖాలాను చూడటానికి నస్రుల్లాబాద్‌ల బస్సెక్కిన అమ్మీ నిజామాబాద్ బస్టాండ్‌ల దిగింది. ఎవరో ఆడబిడ్డ చెయ్యి పట్టుకపోయి బోధన్ బస్సు ఎక్కించింది. అస్ర్ వేళకు ఖాలా ఇంటికి చేరింది. ఖాందాన్ అంతా నవ్వుకున్నం. అమ్మీ మాత్రం నవ్వలేదు. "నలుగురిల షర్మిందా అయిన" అన్నది, అంతే.

అమ్మీ అన్‌పఢ్ కాదు. ఖురాన్ చదువుతది, ఉర్దూ అఖ్బార్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతది. తెలుగు గలగలా మాట్లాడుతది. తెలుగు హర్ఫ్ ఒక్కటి రాదు. ఇన్నేండ్లూ ఆ అవసరం పడలేదు. బస్సు ప్రయాణమంటే అబ్బా ముందు, అమ్మీ వెనక. అబ్బా ఇంతెఖాల్ తర్వాత నేను ముందు, అమ్మీ వెనక.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల ఆడవాళ్లకు కిరాయి లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తడు. అమ్మీ మొదటి జీరో టికెట్‌ను బటువాల ఆధార్ పక్కన దాచుకున్నది. ఎవరినీ పైసలు అడగకుండ, ఎవరి ఇజాజత్ కోసం చూడకుండ చెల్లెలి ఇంటికి పోవచ్చని ఆమెకు ఈ ఉమర్‌ల తెలిసింది. టికెట్ దొరికింది గాని, బోర్డు చదవటం రాలేదు.

కోపం వచ్చింది నాకు. అఖ్బార్‌ల పనిచేసేటోనికి కోపం వస్తే ఏం చేస్తడు? వ్యాసం రాద్దామని కూసున్న. 1932ల నిజాం జమానాల రైల్ అండ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ 27 బస్సులు, 166 మంది ముலాజిమ్‌లతోటి మొదలైంది. అప్పుడు సర్కారీ జబాన్ ఉర్దూ. 1951ల ఆ బస్సులు హైదరాబాద్ రాష్ట్ర సర్కారు చేతికి వచ్చినయి. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. 2017ల తెలంగాణ అసెంబ్లీ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగ ఒప్పుకున్నది. ఇక బోర్డు మీద ఉర్దూ ఎందుకుండొద్దని అడుగుదామనుకున్న.

నంబర్ ప్లేటు సంగతి దగ్గర కలం ఆగిపోయింది. మన బస్సుల నంబర్‌ల జెడ్ అక్షరం ఉంటది కదా. అది ఏడో నిజాం తన తల్లి జెహ్రా బేగం పేరు మీద పెట్టించిండని జనం చెప్పుకుంటరు. నిజమో కహానీయో గాని, కొడుకు తల్లి పేరును బస్సుకు రాయించిండని మనం ఇష్టంగ చెప్పుకునే ముచ్చట అది.

మరి నేనేం చేసిన? ఉర్దూ మీడియంల చదివిన పోరణ్ని. బస్ పాస్ మీద స్కూలుకు పోతూ, వచ్చే ప్రతి బస్సు బోర్డునూ కూడబలుక్కుంటనే తెలుగు పట్టుకున్న. ఆ తెలుగే డిగ్రీ అయింది, నౌకరీ అయింది, రోజీరోటీ అయింది. నాకు అలీఫ్, బే దిద్దించిన అమ్మీకి మాత్రం ఇన్నేండ్లల ఒక్క అక్షరం దిద్దించలేదు. ఉర్దూ బోర్డు అడగటం హక్కే, ఆ వ్యాసం రాస్త. కాని దానికంటే ముందు చేయాల్సిన పని నా ఇంట్లనే ఉండె.

మరుసటి ఇత్వార్ ఊరికి పోయిన. మనుమరాలి పలక తీసి ముందుగల నస్రుల్లాబాద్ అని రాసిన, కింద నిజామాబాద్. అమ్మీ ఐనక్ సర్దుకొని శానాసేపు చూసింది.

"క్యా రే! దోనోంకా సర్ భీ ఏకీచ్, దుమ్ భీ ఏకీచ్!"

నిజమే. రెండూ 'న'తోనే మొదలు, రెండింటి తోక 'బాద్'. డిగ్రీ చదివిన నాకు ఇన్నేండ్లల అది కనబడలేదు. "నడుమల చూడు అమ్మీ" అని చెప్పిన. జ చూపించిన, స్రు చూపించిన. తర్వాత బోధన్ రాసిన. "యే ఛోటా హై, అచ్ఛా హై" అన్నది. ఇంటికి మళ్లొచ్చే బస్సు కోసం బాన్సువాడ రాసిన. మగ్రిబ్ అజాన్ దాకా నాలుగు ఊర్లయినయి. వేళ్లకు బల్పం పిండి అంటింది. వజూకు లేచే ముందు ఆ వేళ్లను ఒకసారి చూసుకున్నది.

పోయిన నెల మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఖాలా ఇంటి నుంచే. "పఢ్‌కే చఢీ బేటా" అన్నది. చదివి ఎక్కిందట.

మీ ఇంట్ల అమ్మీ, దాదీ, నానీ ఉంటే ఈ రాత్రే అడుగండి, బోర్డు చదవటం వస్తదా అని. రాదంటే పలక కొనండి.

ఫోన్ పెట్టేసే ముందు అమ్మీ ఒక మాట అడిగింది. "బేటా, హైదరాబాద్ కా దుమ్ భీ వహీచ్ హై నా?"

అదే అమ్మీ, అదే తోక. చదివి ఎక్కు. నేను బస్టాండ్‌ల నిలబడి ఉంట.