పేరు చివరి ‘లిమిటెడ్’

‘లిమిటెడ్’ అన్న మాటను మనం ఏళ్ల తరబడి బోర్డుల మీద చదువుతూనే ఉన్నాము. సిమెంటు కర్మాగారం మొదలు చిట్‌ఫండ్ దాకా పేరు చివర అది తోకలా వేలాడుతూ ఉంటుంది. ఇంతకూ పరిమితమైనది ఏది? సరుకా, లాభమా, నమ్మకమా? జీవితమంతా పదాలకు అర్థం చెప్పుకొని బ్రతికిన నాకు కూడా ఈ పదం అర్థం తెలుసుకోవలసిన అవసరం మొన్నమొన్ననే కలిగింది.

బర్మింగ్‌హామ్‌లో స్థిరపడిన మా మేనల్లుడు, గుంటూరులో ఉన్న అతని బాల్యమిత్రుడు కలిసి అక్కడ పచ్చళ్లు, పొడుల వ్యాపారం పెట్టదలచారు. “చిన్ననాటి స్నేహితులం, మా మధ్య కాగితాలెందుకు మామయ్యా?” అన్నది మేనల్లుడి వాదం. అతడు అప్పు తెచ్చి ఇల్లు కొనుక్కున్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అందువల్ల ఆ కాగితాల సంగతేమిటో చదవడానికి నేనే పూనుకున్నాను.

చదవగా తెలిసినది ఏమంటే, కాగితం వ్రాసుకోనివారి కోసం చట్టమే ఒక కాగితం సిద్ధంగా వ్రాసి ఉంచింది. బ్రిటన్‌లో 1890 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, ఇద్దరు లాభాపేక్షతో కలిసి వ్యాపారం చేస్తే చాలు, అది భాగస్వామ్యమే. వేరే ఒప్పందం లేనప్పుడు ఎవరెంత సొమ్ము పెట్టినా లాభంలో సమాన వాటాయే. వ్యాపారం పేరిట ఒకరు సరుకు అప్పు తెస్తే రెండవవారు కూడా తమ సొంత ఆస్తితో బాధ్యులవుతారు. ఒంటరిగా వ్యాపారం చేసినా అంతే, దుకాణం అప్పు ఇంటి గడప దాటి లోపలికి వస్తుంది.

ఈ గడప దగ్గర గోడ కట్టేది కంపెనీ. దాని కథ లండన్‌లో, వైట్‌చాపెల్‌లో చెప్పులు, బూట్లు చేయించి అమ్మిన ఏరన్ సాలమన్‌ది. ఆయన 1892లో తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. ఆనాటి చట్టానికి ఏడుగురు సభ్యులు కావాలి. 20,007 వాటాలలో 20,001 తనవి, తక్కిన ఆరు భార్యాబిడ్డలవి. కంపెనీ తనకు బాకీపడిన సొమ్ములో కొంత భాగానికి ఆస్తి తనఖాగా పత్రాలు వ్రాయించుకున్నాడు. ఏడాది తిరిగేసరికి కంపెనీ దివాలా తీసింది. “కంపెనీ పేరు పెట్టుకున్న సాలమనే కదా ఇది, అతడే కట్టాలి” అన్నది అప్పులవాళ్ల పక్షపు వాదం. క్రింది న్యాయస్థానాలు ఔనన్నాయి. 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కాదన్నది. కంపెనీ వేరు, సాలమన్ వేరు. కంపెనీ అప్పు కంపెనీదే.

మనిషి కానిది వ్యక్తి ఎట్లా అవుతుందని మా మేనల్లుడు నవ్వాడు. మన ఊళ్లో దేవుడి మాన్యం ఎవరిదని అడిగాను. భూమి స్వామివారిది. అర్చకుడు పూజ చేస్తాడు, ధర్మకర్త లెక్కలు చూస్తాడు, ఇద్దరిలో ఎవరూ యజమాని కారు. హిందూ దేవతామూర్తి చట్టం దృష్టిలో వ్యక్తియేనని 1925లో ప్రివీ కౌన్సిల్ కూడా ఒక కలకత్తా కుటుంబపు వివాదంలో చెప్పింది. కంపెనీలో డైరెక్టరు స్థానం ఇంచుమించు ధర్మకర్తది. గల్లాపెట్టెలోని సొమ్ము తనది కాదు.

గుంటూరు మిత్రునికి మరొక చిక్కు ఉన్నది. మన దేశంలో నివసించేవారు విదేశీ సంస్థలో ప్రత్యక్ష పెట్టుబడి పెట్టాలంటే, 2022 నాటి నియమాల ప్రకారం, కొన్ని వ్యూహాత్మక రంగాలను మినహాయిస్తే, ఆ సంస్థ పరిమిత బాధ్యత కలదై ఉండాలి. అంటే కాగితం లేని స్నేహానికి ఇక్కడి చట్టమే దారి మూసింది. మిగిలినవి రెండు. 2000 నాటి చట్టంతో వచ్చిన పరిమిత బాధ్యతా భాగస్వామ్యం ఒకటి, ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ మరొకటి. మొదటిదానిలో ఎవరి వాటా లాభం మీద వారే పన్ను కట్టాలి కనుక, గుంటూరులో కూర్చున్నవాడు సైతం బ్రిటన్‌లో పన్ను లెక్కలు సమర్పించాలి. రెండవదానిలో కంపెనీయే తన పన్ను కట్టి, మిగిలినదానిలో డివిడెండు పంచుతుంది. వీరికి రెండవదే అనువుగా తోచింది. ఏటేటా లెక్కలు కంపెనీస్ హౌస్‌లో దాఖలు చేయాలి, వాటిని ఎవరైనా చూడవచ్చు. గోడకు అది అద్దె అనుకోవాలి.

అయితే గోడ కట్టినవాడే దానికి కన్నం పెట్టవచ్చు. దుకాణం అద్దెకిచ్చే ఆసామి డైరెక్టరు సొంత హామీ అడిగాడు. ఆ సంతకం పడితే లిమిటెడ్ అన్న మాట ఆ బాకీ వరకు ఉత్త అలంకారమే. మేనల్లుడు ఆ పెద్ద దుకాణం వదులుకొని, హామీ అడగని చిన్న గది తీసుకున్నాడు. ఇంకొక సంగతి కూడా అతనికి చెప్పాను. దివాలా తప్పదని తెలిసి కూడా అప్పులు పెంచుకుంటూ పోయే డైరెక్టరును 1986 నాటి దివాలా చట్టం సొంతంగా బాధ్యుణ్ణి చేయగలదు.

సాలమన్ కథలో నన్ను వదలనిది తీర్పు కాదు, అతనికి సరుకు అరువిచ్చి ఒట్టి చేతులతో మిగిలిన వర్తకులు. వారి కోసమే కాబోలు, పేరు చివర ఆ మాట తప్పక వ్రాయాలన్నది చట్టం. అది యజమానికి బిరుదు కాదు, అరువిచ్చేవారికి హెచ్చరిక. మేనల్లుడికి నా చివరి మాట ఇదే: “గోడ నీ పిల్లల కోసం కట్టుకున్నావు, మంచిదే. మిరపకాయలు అరువిచ్చినవాడికీ పిల్లలుంటారు. వాడి బాకీ ముందు తీర్చు.”