మన జిల్లాలు చేతులు మారిన కాలపు మేడ

హైదరాబాదు కోఠీలో, మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉన్న పాత బ్రిటిష్ రెసిడెన్సీని చూసి రాయమని సంపాదకులు అడిగారు. అనంతపురం మనిషిని కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను. 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో మా సీమను నిజాం నుంచి ఈస్టిండియా కుంఫిణీకి ఇప్పించిన రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. ఈ మేడ కట్టించిందీ ఆయనే.

ఆరు కొరింథియన్ స్తంభాలు, మెట్ల పక్కన సింహాలు, దర్బారు హాలు. చూడవలసినవి చాలానే ఉన్నా, ఆవరణలో ఒక గోడ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. పాలమూరు మేస్త్రీ ఒకాయన గోడను బాగా తడిపి, సున్నం ముద్దను ఇటుకల సందులోకి బొటనవేలితో నొక్కుతున్నాడు. తాపీ కొసతో అంచు గీస్తాడు, అరచేత్తో నిమురుతాడు, మళ్లీ నీళ్లు చిలకరిస్తాడు.

"సిమెంటయితే తొందరగ అయితది కదన్నా" అన్నాను.

"అయితది. లోపలి చెమ్మ బయటికి రాక ఇటుకే రాలిపోతది" అన్నాడు, చెయ్యి ఆపకుండానే. తర్వాత తనంతట తనే అన్నాడు: "వచ్చినోళ్లంత బేగం ముచ్చటే అడుగుతరు. గోడ ఎట్ల నిలవడ్డదో ఒక్కలు అడగరు."

ఆ బాధ నాదీ. ఖైరున్నీసా బేగంతో కిర్క్‌పాట్రిక్ ప్రేమ, పెళ్లి అందరికీ తెలుసు. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన సీమను నిజాం కుంఫిణీ సైన్యం ఖర్చు కింద వదులుకున్న సంగతి మా వాళ్లకే తెలియదు. ఆ వెంటనే కుంఫిణీ కలెక్టరుగా థామస్ మన్రో దిగాడు. పాళెగాళ్లను అణిచాడు, పొలాలు కొలిపించాడు, రైతుల పేరున శిస్తు నిర్ణయించాడు. వానలు మొహం చాటేసే నేలమీద ఆ శిస్తు ఎంత బరువో మా ముత్తాతలకు తెలుసు. ఆ ఒప్పందం కుదిర్చిన కిర్క్‌పాట్రిక్ మాత్రం ఈ మేడను తనివితీరా అనుభవించనే లేదు, 1805లో కలకత్తాలో పోయాడు. కట్టుబడి ఖర్చు భరించింది నిజామే.

1949 నుంచి ఇది ఆడపిల్లల చదువుల చోటు. మహిళా కళాశాల ఇక్కడికి వచ్చింది, అదే ఇప్పుడు విశ్వవిద్యాలయమైంది. రెసిడెంట్లు కొలువు తీరిన చోట పల్లెల అమ్మాయిలు నోట్సు రాసుకోవడం కంటే ఈ భవనానికి మంచి వాడకం నాకు తోచదు. ఏళ్లపాటు శిథిలమైన దాన్ని ఓపికగా బాగుచేసిన చేతులకు దండం పెట్టాలి.

మా సీమ కాలేజీల చరిత్ర శాఖలు ఇకనైనా కదలాలి. అనంతపురం నుంచి కాచిగూడకు నేరుగా రైలుంది, అక్కడికి కోఠీ దగ్గరే. ఒప్పందం నకలూ, బళ్లారి, కడప సీమల పాత పటమూ పట్టుకుని పిల్లలను తీసుకెళ్లి, బేగం కథతోపాటు తమ ఊళ్ల కథనూ ఆ మెట్ల మీదే చెప్పాలి.