సున్నా వచ్చే వరకు

2004 వేసవి. అప్పటికి సంగారెడ్డి మెదక్ జిల్లా కేంద్రం; తన పేరుతో జిల్లా కావడానికి ఇంకా 12 ఏళ్ళున్నాయి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక మందుల కర్మాగారంలో, గిడ్డంగి లెక్కల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌ను ఇన్‌స్టాల్ చేయడానికి నన్ను పంపారు. సంచిలో ఒక సీడీ, మనసులో బోలెడంత ధీమా.

గిడ్డంగి బాధ్యతలు చూసే పెద్దాయన కంప్యూటరులో లెక్క ఎక్కించి, మళ్ళీ దానినే ఎర్ర అట్ట రిజిస్టరులో వ్రాసుకొంటున్నాడు. “ఇంకా ఇదెందుకండీ?” అన్నాను. ఆయన నవ్వి ఊరుకొన్నాడు.

ఇన్‌స్టాల్ చేయడమంటే ఫైళ్ళను కాపీ చేయడమే అని నా భావన. తెరమీద కనిపించేది పాకుతూ పోయే నీలిగీత మాత్రమే. దాని వెనుక సెటప్ ఇతర ప్రోగ్రాములను పిలుస్తుంది. డేటాబేస్ సర్వర్ లేకుంటే దాని సెటప్‌ను నడిపి, అది ముగిసే వరకు ఆగి, అది తిరిగి ఇచ్చే అంకెను చూడాలి. సాధారణంగా సున్నా అయితే క్షేమం. మరొకటైతే ఏదో లోపం. ఆ పిమ్మట ఎస్‌క్యూఎల్ ఆదేశాలు గల స్క్రిప్టు నడుస్తుంది. పట్టికలను సృష్టించేదీ, మార్చేదీ అదే.

మా స్క్రిప్టులోని మొదటి ఆదేశం పాత పట్టికను తొలగించమని. రెండవది కొత్త పట్టికను సృష్టించమని. కొత్త కంప్యూటరులో దానివల్ల హాని లేదు. ఇక్కడ ఆ పట్టికలో రెండేళ్ళ లెక్కలున్నాయి! మూడవ ఆదేశం వద్ద లోపం వచ్చి సెటప్ ఆగిపోయింది. వేసిన ఫైళ్ళను బుద్ధిగా తీసివేసి, పాత వెర్షన్‌ను యథాస్థానంలో ఉంచింది. హమ్మయ్య అనుకొన్నాను. కాని సెటప్ తాను చేసిన పనినే వెనక్కు తీసుకోగలదు. బయటి స్క్రిప్టు చేసిన మార్పు దాని ఎరుకలో ఉండదు. తెరచి చూస్తే పట్టిక ఖాళీ.

దొరికిన బ్యాకప్ 19 రోజుల నాటిది. ఏ డ్రమ్ము ఏ బ్యాచ్‌కు పోయిందో తెలియనిదే మందుల తయారీ సాగదు. నా చేతులు వణికాయి. పెద్దాయన బీరువా తెరచి, ఎర్ర అట్ట రిజిస్టరును నా ముందుంచాడు.

“ఫికరు చెయ్యకు బిడ్డా. నేను చదువుత, నువ్వు కొట్టు.”

తెల్లవారేసరికి 19 రోజుల లెక్కలూ తిరిగి ఎక్కాయి.

స్క్రిప్టును తిరగవ్రాశాను. పట్టిక ఉంటే దానిని ముట్టుకోదు. లేని గడిని మాత్రమే చేరుస్తుంది. అంతకుముందే బ్యాకప్ తీస్తుంది. దాని నుండి సున్నా రాకుంటే సెటప్ అక్కడే ఆగుతుంది.

మరుసటి నెల మళ్ళీ వెళ్ళాను. నీలిగీత పాకుతున్నంతసేపూ రిజిస్టరు బల్లమీదనే ఉన్నది. ఈసారి నేనేమీ అనలేదు.